బాటసారికి చోటెక్కడ?

(కరీంనగరమునందలి యొక పఠనాలయమున ఆదివారపు సభలో చేయబడిన ప్రసంగపాఠము)



మన పట్టణమున నిప్పుడు నలుగురు చేరిన చోటనెల్ల నొక వాదము వినబడుచున్నది. సడకులను వెడల్పు చేయునప్పుడు ఆ వెడల్పులో కొంత భాగమును నడచువారికిని, సైకిలు త్రొక్కువారికిని ప్రత్యేకించి యుంచవలయునని కొందఱనుచున్నారు. అంతయు మోటారు బండ్లకే విడిచినగాని రాకపోకలు సాగవని మఱికొందఱనుచున్నారు. పట్టణము లోపల తిరుగుటకు బస్సులు కావలయునని యొకరు, ఆటోలు చాలునని వేఱొకరు. గడియారము చౌరస్తా వర్తకుల మాట యొకటి; మంకమ్మతోటలో పిల్లలను బడికి పంపు తల్లుల మాట మఱియొకటి. కోర్టు చౌరస్తాలో మా న్యాయవాద మిత్రులు సైతము గ్లాసులోని చాయ చల్లారువఱకు నీ విషయమునే తర్కించుచున్నారు. ఇట్టి వాదము పుట్టుట మంచిదే. ఇన్నాళ్లును సడకు అనునది గుత్తేదారునకును, ఇంజనీరునకును సంబంధించిన వ్యవహారమనియు, దానిపై నడచిపోవుటయే గాని దానినిగూర్చి మాటలాడు నధికారము మనకు లేదనియు జనులు తలచుచుండిరి.

ఈ వాదమున మేము తటస్థులము కాము. నడచువాని పక్షమున, సైకిలువాని పక్షమున, బస్సు కొఱకు నిలిచియున్న వాని పక్షమున మాటలాడ వచ్చితిమి. ఎదుటి పక్షమువారి మాటలలో బలమున్నంతవఱకు ఆ బలమును మఱుగుపఱుపక చెప్పుదుము. న్యాయస్థానమున నేర్చిన మర్యాద అది.

తొవ్వ, బాట, దారి. మన భాషలో నీ మాటలన్నియు కాలినడకతో ముడిపడియున్నవి. బాటసారి యన్నచో నడచువాడే. కాని బాటసారి యీ బాటపై సమానుడుగ నడచుట మన ప్రాంతమున నెన్నడును తేలికగా లభించిన హక్కు కాదు. నిజాము రాజ్యకాలమున దొరల గ్రామములలో గడీ యెదుట చెప్పులు తొడిగి నడువరాదు. అధికారి బండి వచ్చినచో వెట్టివాడు దాని ముందు పరుగెత్తవలయును. బాటపై నెవడు బండి నెక్కవలయును, ఎవడు ప్రక్కకు తొలగవలయును అనునది పుట్టుకను బట్టియు, పదవిని బట్టియు నిర్ణయింపబడియుండెను. ఆంధ్ర మహాసభవారు వెట్టిని నిరసించుచు తీర్మానములు గావించిరి. అందు నాల్గవ మహాసభ 1935లో మన సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావు పంతులుగారి యధ్యక్షతన జరిగినదని యీ సభలోని పెద్దలకు మేము జ్ఞాపకము చేయనక్కఱలేదు. ఆనాటి వెట్టి పోయినది. అయినను నేటి సాయంకాలము కమాను ప్రక్కన నిలిచి చూడుడు. వెనుకనుండి హారను మ్రోగినంతనే కూరగాయల గంప నెత్తినున్న యవ్వ ఎట్లు ఉలికిపడి మురికికాలువ యంచునకు జరుగుచున్నదో చూడుడు. ఆ హారను మ్రోగించినవాడు దొర కాడు. ఆమె యింటిప్రక్కవాడే కావచ్చును. కాని వాడామెను తొలగుమనిన తీరు పాతదే.

మన యుద్యమకాలమును గూడ నొక్కమాఱు తలచుకొందము. 2009 నవంబరు 29న దీక్షకు బయలుదేఱిన నాయకుని మన పట్టణపు పొలిమేర యందలి అలుగునూరు వద్ద రాజీవ్ రహదారిపైననే నిర్బంధించిరి. 2011లో 42 దినములు సాగిన సకలజనుల సమ్మెలో మనమందఱము సడకులపై కూర్చుంటిమి, వంటావార్పు చేసికొంటిమి, అచ్చటనే తింటిమి. ఆ దినములలో సడకు ప్రజలదని యెవరును మనకు బోధింపవలసిన పని లేకుండెను. రాష్ట్రము 2014లో వచ్చినది. సడకుపై కూర్చున్న యా జనులకు సడకు దాటుటకు నిరపాయమైన చోటు మాత్రము వచ్చినదా యని యడుగుట ద్రోహము కాదు గదా!

ఇక లెక్కలకు వత్తము. కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన లెక్కల ప్రకారము 2022లో దేశమున సడకులపై మరణించినవారు 1,68,491 మంది. అందు నడచిపోవుచు మరణించినవారు 32,825. సైకిలుపై పోవుచు మరణించినవారు 4,836. మోటారు సైకిళ్లపైనను, స్కూటర్లపైనను మరణించినవారు 74,897. మన తెలంగాణమున నా యేట మరణించినవారు ఏడున్నరవేలకు మించిరి. ఏ యుద్ధమునందైన నింతమంది పోయియుండినచో మనము జెండాలు దించి యుందుము. సడకు ప్రమాదమనునప్పటికి అది విధివ్రాత యని, కర్మమని సరిపెట్టుకొనుచున్నాము. విధికి ఇంజనీరింగు తెలియదు. మలుపు వద్ద దీపము లేకుండుటయు, బడి యెదుట వేగనిరోధకము లేకుండుటయు, కాలిబాటపై విద్యుత్తు నియంత్రణపు పెట్టెలు పాతుటయు బ్రహ్మ వ్రాసినవి కావు. వానికి అంచనాలు, మంజూరు పత్రములు, చేవ్రాళ్లు కలవు.

“సైకిలు నేడెవరు త్రొక్కుచున్నారు?” అని మనలో పెక్కుమంది యడుగుచున్నారు. 2011 జనాభా లెక్కలలో ఈ ప్రశ్న యడుగబడినది. వ్యవసాయమును విడిచి తక్కిన పనులు చేయువారు పనికెట్లు పోవుచున్నారని విచారింపగా, దేశముమీద నూటికి సుమారు 23 మంది నడచియు, 13 మంది సైకిలుపైనను, 11 మంది బస్సుపైనను పోవుచున్నారని తేలినది. కారుపై పోవువారు నూటికి ముగ్గురు గూడ లేరు. ఆ తరువాత మోటారు సైకిళ్లు మిక్కిలి పెరిగినవనుట నిజమే. కాని గోదావరిఖనిలో గనికి పోవు కార్మికుని, సిరిసిల్లలో మరమగ్గముల కార్ఖానాకు పోవు నేతపనివాని, కాగజ్‌నగరమున కాగితపు మిల్లు చుట్టుప్రక్కల సైకిలుకు టిఫిను డబ్బా తగిలించుకొని పోవువానిని, తెల్లవాఱకముందే పాలక్యానులతో బయలుదేఱువానిని, అడ్డాపై కూలికొఱకు నిలుచుటకు మూడుమైళ్లు నడచివచ్చు స్త్రీని మనము చూచుటలేదు. కనబడక కాదు, లెక్కింపక. సడకును కొలుచు ఇంజనీరు గంటకెన్ని బండ్లు పోవునో లెక్కించును. ఎందఱు మనుష్యులు పోవుదురో లెక్కించిన నాడు ఆతని పటమే మాఱును. 2006లో కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన జాతీయ నగర రవాణా విధానమే బండ్లను గాక మనుష్యులను తరలించుట ముఖ్యమని చెప్పియున్నది. ఇరువదేండ్ల నాటి మాటను మేము క్రొత్తగా కనిపెట్టినట్లు చెప్పుట మాకే కొంత సిగ్గుగా నున్నది.

ఇచ్చట నొక విషయమును నిదానముగ నాలోచింపవలయును. మోటారు సైకిలుపై తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు పోవుచుండగా చూచి మనము వారి యజ్ఞానమును నిందింతుము. పోలీసువారు జుర్మానా వేయుదురు. ఆ కుటుంబమునకు ఆ వేళకు, ఆ తొవ్వన బస్సు కలదా యని యెవరైన విచారించితిరా? బస్సు లేనిచోట మోటారు సైకిలు విలాసము కాదు, గత్యంతరము. గతిలేక యెక్కినవాని చేతనే పన్ను, పెట్రోలు ధర, జుర్మానా, ఆసుపత్రి ఖర్చు నాలుగును కట్టించుచున్నాము. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లున్నది. కావున నిరపాయమైన వీథి వేఱు, బస్సు వేఱు అని రెండు వాదములుగా విడదీయుటకు మే మంగీకరింపము. బస్సు దిగినవాడు నడచును; నడుచుటకు చోటు లేనిచో వాడు బస్సే యెక్కడు.

బస్సు విషయమున మన ప్రాంతమునకు తలయెత్తుకొని చెప్పదగిన చరిత్ర కలదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు తమ సంస్థకు రోడ్డు రవాణా శాఖను చేర్చి 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో నడుపసాగిరి. బస్సులను ప్రభుత్వమే నడుపవచ్చునని దేశమున తొలుదొల్త చూపినవారిలో మనవారు ముందున్నారు. (బస్సుల సంఖ్యాఫలకములపై కనబడుచు వచ్చిన ‘జెడ్’ అను నక్షరము నిజాము తల్లి జహ్రా బేగము పేరునకు గుఱుతని పెద్దలు చెప్పుకొందురు. రాజులు పోయిరి, తల్లి పేరు మాత్రము మన పల్లెలన్నియు తిరిగినది.) 1951లో ఆ శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చెను. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యయ్యెను. 2016లో తెలంగాణకు ప్రత్యేక సంస్థ యేర్పడెను. వేములవాడ రాజన్న కడకును, బాసర సరస్వతి కడకును, మేడారము జాతరకును పేదవానిని చేర్చినది ఆ బస్సే. పల్లెలోని ఆడపిల్ల జగిత్యాలలోనో, మంచిర్యాలలోనో కళాశాలలో చదువుకొన్నదన్నచో, ఆ చదువునకు సగము పుణ్యము ఉదయపు బస్సునకు చెందును.

అట్టి సంస్థ చేతిలోనే 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటుదారిలో నేమి జరిగెనో చెప్పుటకు నోరాడదు. కొడిమ్యాల మండలములోని పల్లెలనుండి జగిత్యాలకు పోవుచున్న ఒక్క బస్సు లోయలో పడగా అఱువదిమందికి పైగా మరణించిరి. అందు స్త్రీలు, పిల్లలు పెక్కురు. ఆ బస్సులో నూరుమంది వఱకు నుండిరి. ఏబదిమంది పట్టు బస్సులో నూరుమంది యెందుకు ఎక్కిరి? ప్రాణముపై తీపి లేక కాదు. అది విడిచిన తరువాతి బస్సెప్పుడో తెలియక. అపరాధము డ్రైవరుదా, అధికారిదా అని అప్పుడెన్నో చర్చలు జరిగెను. కాని ఆ దారిన రెండవ బస్సుండినచో ఆ దినమున మరణించినవారిలో సగము మందియైన నేడు మన నడుమ నుండియుందురు గదా యను తలంపు మమ్ము విడుచుటలేదు.

ఆ మఱుసటి సంవత్సరము, 2019 అక్టోబరు 5 మొదలుకొని యాబది దినములకు మించి ఆర్టీసీ కార్మికులు దాదాపు 48 వేలమంది సమ్మె చేసిరి. సమ్మెయొక్క న్యాయాన్యాయములను నేడు తిరుగదోడము. ఆ దినములలో పల్లెలు పడిన పాట్లు బస్సు విలువను మనకు బోధించినవి. అటుపిమ్మట 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యము కలిగినది. దీనిని పరిహసించువారు మన పట్టణమున కొందఱు కలరు. “ఆడవారు ఊరక తిరుగుచున్నారు, మగవారికి కూర్చుండ చోటు లేదు” అని వారి ఫిర్యాదు. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఇన్నేండ్లు చేత చిల్లర లేక యింట కూర్చున్న తల్లి నేడు కూతురిని చూచుటకు పోవుచున్నచో అది ఊరక తిరుగుట కాదు. చోటు లేకున్న అడుగవలసినది మఱికొన్ని బస్సులు. 2024లో కరీంనగర్ డిపోకు విద్యుత్తు బస్సులు వచ్చినవి, సంతోషమే. కాని రాజధానికి పోవు ప్రయాణికునకు లభించిన యాసనము, రేకుర్తినుండి పెద్దాసుపత్రికి వచ్చు ముదుసలికి గూడ ఏదో యొక రూపమున చేరవలయును. పట్టణములోపలి ప్రయాణమంతయు ఆటోలపై మోపి మనము నిశ్చింతగ నున్నాము. ఆటోవాడు మన శత్రువు కాడు. అప్పు చేసి బండి కొన్నవాడు. ఆటో ఆగుటకు చోటు చూపక, ఆగినచోట జుర్మానా వేయుట పరిపాలన యనిపించుకొనదు.

ఆదిలాబాదు వైపు పోయినకొలది యీ కష్టము ఇనుమడించును. ఉట్నూరు, జైనూరు, కెరమెరి ప్రాంతముల గోండు గూడెములలో బస్సు కొఱకు మైళ్లకొలది నడువవలయును. లేదా జీపులో, ఆటోలో మెట్లపై వ్రేలాడవలయును. కెరమెరి ఘాటుదారి మలుపులలో నట్టి జీపు పోవుచుండగా చూచినవారికి కొండగట్టు జ్ఞాపకము రాక మానదు. ఉత్తరదక్షిణములుగా దేశమును చీల్చుకొని పోవు 44వ జాతీయ రహదారి ఆదిలాబాదు ప్రక్కనే పోవుచున్నది. కాశ్మీరమునుండి కన్యాకుమారికి సరకు నిరాటంకముగ పోవును. కేస్లాపూరునుండి ఉట్నూరు ఆసుపత్రికి గర్భిణి పోవుట మాత్రము నేటికిని పరీక్షయే. రైలు విషయమును క్లుప్తముగ చెప్పుదుము. పెద్దపల్లినుండి కరీంనగరము మీదుగా నిజామాబాదునకు రైలుమార్గము సంపూర్ణమగుటకు 2017 వఱకు వేచియుంటిమి. వచ్చిన రైలుకు ఎదురుగా బస్సు లేనిచో స్టేషనుండియు లేనట్లే. రైలు వేళలను, బస్సు వేళలను ఒకే పట్టికలో వ్రాయుటకు కోట్లు అక్కఱలేదు.

ఇక నెదుటి పక్షమువారి మాటలకు వత్తము.

వర్తకుల మాట మొదటిది. అంగడి యెదుట బండి నిలుపుటకు చోటు పోయినచో బేరము పోవునని వారి భయము. ఇది నిర్లక్ష్యము చేయదగిన భయము కాదు. అంగడిపై బ్రదుకు మోపినవాడు అటులనే భయపడును. కాని ఒక్క కారు నిలుచు చోట పది సైకిళ్లు నిలుచును. కారు నిలిపినవాడు ఒక్క యంగడికి వచ్చి పోవును. నడచువాడు నాలుగంగళ్లు చూచుకొనుచు పోవును. పైగా ఉదయమునుండి రాత్రివఱకు అంగడి యెదుట కదలక నిలిచియుండు బండ్లలో అంగడివారి స్వంత బండ్లు ఎన్నియో వారే యొక దినము లెక్కించి చూచుకొందురు గాక. సరకు దింపుటకు వేకువజామునను, రాత్రి పొద్దుపోయిన పిదపను కాలము కేటాయించిన చాలును. దీనికి వర్తక సంఘముతో కూర్చుండి మాటలాడవలయునే గాని, రాత్రికి రాత్రి రాళ్లు పాతి పోరాదు.

రెండవ మాట: చోటు చాలదు. అరువదియడుగుల సడకును తీసికొనుడు. ఇరువైపుల ఆరేసి యడుగులు నడచువానికి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 2012లో నిర్ణయించిన కనీసపు వెడల్పు 1.8 మీటర్లు గూడ నంతియే. ఇరువైపుల నేడేసి యడుగులు సైకిలువానికి. ఇంకను 34 అడుగులు మిగులును. రెండు బస్సులు ఎదురెదురుగ పోవుటకు 24 అడుగులు చాలునుగదా. మిగిలిన పదియడుగులలో బస్సులు నిలుచు తావులు, ఆటోల తావులు, చెట్లు, అచ్చటచ్చట బండ్లు నిలుపు చోట్లు వేసికొనవచ్చును. నలువదియడుగుల సడకున నీ విభజన సాగదు, ఒప్పుకొందుము. అట్టిచోట వేగమును తగ్గించుటయే మార్గము. 2020లో స్టాక్‌హోమున జరిగిన ప్రపంచ మంత్రుల సభ, జనులును బండ్లును కలిసి తిరుగుచోట గంటకు 30 కిలోమీటర్లకు మించరాదని కోరినది. ఆ వేగమున తాకిన బండిక్రింద మనుష్యుడు బ్రదుకుట కవకాశము కలదు; దానికి రెట్టింపు వేగమున తాకినచో మిక్కిలి యరుదు. బడులున్న వీథులలో దీనిని రేపటినుండియే యమలు చేయవచ్చును.

మూడవది యెండ. మే నెలలో రామగుండమునను, ఆదిలాబాదునను 45 డిగ్రీల యెండలో సైకిలెవడు త్రొక్కునని యడుగుచున్నారు. త్రొక్కవలసినవాడు నేడును త్రొక్కుచున్నాడు. నీడ లేకుండ త్రొక్కుచున్నాడు. మన పూర్వులు బాటల కిరువైపుల చింతలు, వేపలు, మఱ్ఱులు నాటిరి. వెడల్పు పేర వానిని నఱికి, నడుమ డివైడరులో మోకాలెత్తు పూలమొక్కలు పెట్టి నీళ్లు పోయుచున్నాము. ఆ పూలమొక్క నీడ నెవరు నిలుచుదురో మాకు తెలియదు.

నాల్గవ మాట కొంత బలమైనది. ఇట్టి పనులు ఇతర నగరములలో విఫలమైనవి గదా యని యడుగుచున్నారు. నిజమే. ఢిల్లీలో 2008లో 5.8 కిలోమీటర్ల మేర బస్సులకు, సైకిళ్లకు ప్రత్యేకపు దారులు వేసిరి. కారులవారు గగ్గోలు పెట్టిరి. హైకోర్టు 2012లో వారి వ్యాజ్యమును కొట్టివేసినది. అయినను 2016లో ప్రభుత్వమే ఆ దారులను తీసివేసినది. న్యాయస్థానమున గెలిచిన పని వీథిలో ఓడినదన్నమాట. అర్ధమున నాపిన దారి, ప్రజలతో ముందుగ మాటలాడక వేసిన దారి, కావలి లేని దారి అట్లే యగును. హైదరాబాదున బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సౌరఫలకముల కప్పుతో, 2023 అక్టోబరున ప్రారంభించిరి. చూచుటకు ముచ్చటగనే యున్నది. ఆదివారమున ఆరోగ్యమునకై త్రొక్కువారికి అది మేలే. కాని కూకట్‌పల్లిలో పనికి పోవు కూలివానికి అది యే వైపునను దగ్గర కాదు. సైకిలు బాట యింటినుండి పనికి, బడికి, బజారునకు పోవలయును. 2020లో కేంద్రమువారు పెట్టిన సైకిళ్ల పోటీలో మన పొరుగున నున్న వరంగల్ 2021లో ఎంపికైన 11 నగరములలో నొకటిగ నిలిచినది. వరంగల్ వారి సడకులు మనవానికంటె వెడల్పైనవేమియు కావు.

దూరదేశముల మాట యన్నచో నెదర్లాండ్సును చెప్పుదురు. అది పుట్టుకతోనే సైకిళ్ల దేశమని తలతురు. కాదు. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట వారును కారుల మోజున పడిరి. 1971లో ఆ చిన్న దేశమున సడకులపై మూడువేలకు మించి మరణించిరి. అందు నాలుగువందలకు పైగా పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు వీథులలోనికి వచ్చి, పిల్లల హత్యలను ఆపుడని యాందోళనము చేసిరి. 1973లో చమురు కఱవు వచ్చి ప్రభుత్వమును గూడ ఆలోచింపజేసినది. నేటి వారి సైకిలు బాటలు ఆ యాందోళనపు ఫలములు. సత్యాగ్రహము మనకు వారు నేర్పవలసిన విద్య కాదు.

చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పక మా వృత్తి మమ్ము విడువదు. ఢిల్లీలో సైకిలు రిక్షాల సంఖ్యకు విధించిన పరిమితిని 2010లో అచ్చటి హైకోర్టు కొట్టివేసినది. మానుషి సంఘటన్ వారు తెచ్చిన యా వ్యాజ్యమున, సడకు మోటారు బండ్లకు మాత్రమే చెందిన సొత్తు కాదని తేలినది. 2012లో సుప్రీంకోర్టు దానిని నిలిపినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 138 (1ఏ) విభాగము, నడచువారి యొక్కయు, సైకిళ్లవంటి బండ్ల యొక్కయు రాకపోకలకు నియమములు చేయు నధికారమును రాష్ట్ర ప్రభుత్వముల కిచ్చినది. 198ఏ విభాగము, సడకు నిర్మాణమున లోపముచే ప్రాణము పోయినచో గుత్తేదారును, బాధ్యుడైన యధికారిని లక్షరూపాయల వఱకు జుర్మానాకు పాత్రులను చేసినది. లక్ష చిన్న మొత్తమే. కాని తప్పు సడకుదని చట్టము మొదటిసారి యొప్పుకొన్నది. 2025 మే 14న సుప్రీంకోర్టు, ఆటంకము లేని కాలిబాట రాజ్యాంగపు 21వ యధికరణములోని జీవించు హక్కులో భాగమని చెప్పినది. ఆ సంవత్సరమే అక్టోబరు 7న, 138 (1ఏ), 210డీ విభాగముల క్రింద ఆరుమాసములలో నియమములు చేయుడని రాష్ట్రముల నాదేశించినది. నియమములు కాగితముపైకి వచ్చుట హైదరాబాదు పని. అవి మన చౌరస్తాకు వచ్చునట్లు చూచుట మన పని.

ఒక హెచ్చరిక. కాలిబాటను ఖాళీ చేయుట యనగానే మన బల్దియావారికి మొదట కనబడునది మిరపకాయ బజ్జీల బండి, జామకాయల గంప. వానిని లారీలో వేసికొని పోయి కాలిబాట విముక్తమైనదని ఛాయాచిత్రములు తీయింతురు. అదే కాలిబాటపై మెట్లు కట్టిన మేడలవానిని ముట్టరు. 2014 నాటి వీథి విక్రేతల చట్టము ప్రకారము, పట్టణ విక్రయ సమితి ద్వారా వారిని లెక్కించి, వారికి చోటు చూపక తొలగింపరాదు. మేము కోరునది నడచువానికి చోటు. అది గంపవాని పొట్టకొట్టి యిచ్చు చోటైనచో మాకు వలదు. గంప కొనువాడును నడచువాడే గదా.

స్మార్టు సిటీ పథకమున మన పట్టణము 2017లో ఎంపికైనది. ఆ పథకము 2025 మార్చి 31తో ముగిసినది. దానివలన కొన్ని సడకులు బాగుపడినవి; కాదనము. 2023లో మానేరుపై తీగల వంతెనయు వచ్చినది. సాయంకాలము జనులు పోయి చూచి వచ్చుచున్నారు. ఇకమీద ఢిల్లీ ధనమునకై చూచుట గాక, నగరపాలక సంస్థ తన బడ్జెటులో నేమి చేయునో యడుగవలసిన కాలము వచ్చినది.

అందుకై యొక విన్నపపత్రము సిద్ధపఱచితిమి. దానిలో కోరికలు కొలదియే. సడకు వెడల్పు చేయు ప్రతి యంచనాతోపాటు ఎవరి కెన్ని యడుగులో చూపు పటమును తెలుగులో, ఉర్దూలో ప్రకటించి, నెలదినములు అభ్యంతరములు వినవలయును. బడులున్న వీథులలో 30 కిలోమీటర్ల వేగపరిమితి పెట్టవలయును. బస్టాండునుండి పెద్దాసుపత్రి, కోర్టు, కలెక్టరు కచేరీ, రైల్వే స్టేషను చుట్టి వచ్చునట్లు చిన్నబస్సులు ఆరు మాసములు ప్రయోగముగ నడిపి, ఎక్కినవారి లెక్కను ప్రకటింపవలయును. ఘాటుదారులలో పరిమితికి మించి యెక్కించు నగత్యము కలుగకుండ సంత దినములలోను, జాతర దినములలోను అదనపు బస్సులు వేయవలయును. ఆదిలాబాదు, ఆసిఫాబాదు మిత్రులు గూడెముల దారులను గూర్చి వేఱొక పత్రము వ్రాయుచున్నారు. అది వచ్చినంతనే దీనితో జతచేయుదుము.

ఈ పత్రము వార్తాపత్రికల బల్లపై నుంచబడినది. సమ్మతించినవారు చేవ్రాలు చేయుడు. సమ్మతింపనివారు ఏ వాక్యమునకు సమ్మతింపరో ఆ వాక్యము ప్రక్క నంచున వ్రాయుడు. వర్తక మిత్రులు మఱచిపోక వ్రాయవలయునని మా ప్రత్యేక ప్రార్థన. సోమవారము ఉదయము పదిగంటలకు ఇచ్చటనే కలిసి, ప్రజావాణిలో కలెక్టరుగారికి సమర్పించుటకు నడచియే పోవుదము. సైకిలున్నవారు సైకిలు తెచ్చుకొనవచ్చును.